సున్నపు గీతలు చెరిగిన నేల

పార్వతీపురం, పాలకొండ, రాజాం, బొబ్బిలి, సాలూరు, ఆముదాలవలస... నాగావళి, వేగావతి, సువర్ణముఖి నీళ్ళు తాగి పెరిగిన ఈ చిన్న ఊళ్ళలో ఎక్కడ బస్సు దిగినా హైస్కూలుకు దారి అడగక్కర్లేదు. చివరి వీధిలో చివరి ఇంటి దగ్గర ఊరు ఊపిరి వదులుతుంది. అక్కడ ఒక పెంకుల వసారా, దాని దూలానికి వేలాడే రైలుపట్టా ముక్క, గోడవారన వేపచెట్ల వరస, వాటి ముందు ఎండకు ఎర్రబడి, వానకు నల్లబడి, వెన్నెలకు వెండి పూసుకునే విశాలమైన నేల. నా శోకమంతా ఆ నేల కోసం.

గదులకు దిక్కుంది. పెచ్చులూడిన గోడలకు రంగులు వేసే పథకాలు వస్తాయి, విరిగిన బల్లల చోట కొత్త బల్లలు దిగుతాయి, అరుగుల మీద అక్షరాలూ బొమ్మలూ పూస్తాయి. నేలకు ఎవరున్నారు? దాన్ని తలచుకుని కన్నీరు పెట్టినవాళ్ళెవరు?

ఓ బోర్డు స్కూలు మైదానమా! గుడికి స్థలపురాణం ఉంది. చెరువుకు శాసనం ఉంది. కోటకు వీరగాథ ఉంది. 1757 జనవరిలో ఒక్క పగటిపూట కూలిపోయిన బొబ్బిలి కోటను మా ఊళ్ళు రెండున్నర శతాబ్దాలుగా పాడుకుంటూనే ఉన్నాయి. బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడి పేరు ఎత్తగానే తంబుర తీగ తనంతట తానే మోగుతుంది. నువ్వు మాత్రం ఏళ్ళ తరబడి, జానెడు జానెడుగా, ఎవరి కత్తీ ఎత్తకుండానే, ఎవరి నెత్తురూ చిందకుండానే కూలిపోతూ వచ్చావు. నీ పతనానికి గుమ్మెట మోగలేదు. నీ కథకు వంతపాట పాడేవాళ్ళు పుట్టలేదు. అందుకే, పాట రాని నేను, వచనంలోనే నీ కోసం వల్లించి ఏడుస్తాను.

నువ్వు మాకేమిటో చెప్పాలంటే ముందు మా ఒళ్ళ గురించి చెప్పాలి. పేదింటి బిడ్డ ఒళ్ళు పుట్టుకతోనే పనికి తాకట్టు పడుతుంది. అది వరిమడిలో వంగాలి, గోగునార నానబెట్టిన కుళ్ళు నీళ్ళలో నడుంలోతు దిగాలి, ఇటుక బట్టీలో మట్టి తొక్కాలి, పలాస వైపైతే జీడిపిక్కల జిడ్డుకు వేళ్ళు కాల్చుకోవాలి, తీరం వైపైతే తెల్లారకముందే వల లాగాలి. ఆ ఒంటిని అందరూ పనే అడుగుతారు. ఆసామి అడుగుతాడు, అప్పు అడుగుతుంది, ఆకలి అడుగుతుంది, కన్నతల్లి కూడా కళ్ళు దించుకుని అడుగుతుంది. ఊరు మొత్తం మీద ఆ ఒంటిని పని అడగకుండా ఆట అడిగిన చోటు ఒక్కటే, అది నువ్వు. 'పరుగెత్తు' అన్నావు, ఎవరి కోసమని చెప్పలేదు. 'ఎగురు' అన్నావు, ఎంత కూలి అని లెక్క పెట్టలేదు. మోతకు మాత్రమే పనికొస్తాననుకున్న భుజం నీ మీదకు వచ్చి, గాలిలోకి లేచి, ఒక బంతిని అవతలి గడపలోకి కొట్టి దిగినప్పుడు, తాను భుజమని మొదటిసారి తెలుసుకుంది. అంతటి ఎరుకనిచ్చిన నేలవు నువ్వు.

నీ పుట్టుక పాతది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఎస్సెస్సెల్సీ చదువు 1911లో మొదలైంది. 1920 నాటి స్థానిక బోర్డుల చట్టంతో జిల్లా బోర్డులకు చేవ వచ్చి, ఆ తర్వాతి దశాబ్దాలలో తాలూకా కేంద్రాలకూ పెద్ద గ్రామాలకూ హైస్కూళ్ళు ఒక్కొక్కటే నడిచొచ్చాయి. బడి కోసం ఎకరాలకు ఎకరాలు రాసిచ్చిన దాతలున్నారు. తాటాకు పాక వేసి, పలకలు పట్టించి, గోడలు తర్వాత చూసుకుందామన్న ఊళ్ళున్నాయి. ఆ ఎకరాల్లో గదులు కాసింతే, మిగతాదంతా నువ్వే. ఇచ్చినవాళ్ళకు తెలుసు, పిల్లవాడికి కప్పు ఎంత కావాలో కప్పు లేని చోటు అంతకంటే ఎక్కువ కావాలని.

1959లో జిల్లా పరిషత్తులు ఏర్పడ్డాక బోర్డు పోయింది, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల అని కొత్త పేరు వచ్చింది. ముసలివాళ్ళ నోట ఇప్పటికీ బోర్డు స్కూలే. పార్వతీపురం వైపు బళ్ళ ప్రయాణం చూడండి. విశాఖపట్నం జిల్లాలో పుట్టాయి. 1950లో శ్రీకాకుళం జిల్లాలోకి, 1979లో విజయనగరం జిల్లాలోకి, 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళాయి. ఉన్నచోటు నుంచి అడుగు కదలకుండా నాలుగు జిల్లాలు తిరిగాయి. గేటు మీద పేరు మారినప్పుడల్లా పెయింటరు వచ్చాడు, పోయాడు. నీ ఒంటి మీది సున్నపు గీత మాత్రం అదే కొలత: వాలీబాల్ కోర్టు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు. రాజ్యాలు మారినా మారని సరిహద్దు అది ఒక్కటే.

ఆ గీతలు గీసిన చేతుల వంశానికి మూలపురుషుడు మావాడే. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు. లోకం ఆయన్ను కలియుగ భీముడిగా ఎరుగును. ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్నాడనీ, ఉక్కు గొలుసులను ఊపిరి బిగించి తెంచాడనీ, కదలబోయిన మోటారు కార్లను భుజబలంతో ఆపాడనీ తాతలు చెబితే నోళ్ళు తెరుచుకుని విన్నాం. సర్కస్ కట్టి దేశదేశాలు తిరిగాడు, లండన్‌లో ఐదో జార్జి చక్రవర్తి ముందు బల ప్రదర్శన చేశాడు, 1942లో ఒడిశా గడ్డ మీద కన్నుమూశాడు. ఇవన్నీ అందరూ చెప్పుకునేవే. నాకు మాత్రం ఆ జీవితంలో మనసు ఆగిపోయేది మరో చోట. మద్రాసు సైదాపేటలో ఏడాది పాటు వ్యాయామ శిక్షణ పొంది వచ్చి, విజయనగరంలో బడిపిల్లలకు డ్రిల్లు నేర్పిన రోజుల దగ్గర. చక్రవర్తుల ముందు నిలబడటానికి ముందు ఆ కొండంత మనిషి నిలబడ్డది మోకాళ్ళు గీసుకుపోయిన పిల్లల వరస ముందు. ఏనుగును మోసిన ఛాతీలోంచి వచ్చిన ఊపిరే అంతకుముందు 'ఎడమ, కుడి' అని లెక్క చెప్పింది. డ్రిల్లు మేస్టారనే మాటకు మా వైపు ఉన్న గౌరవం వెనక ఆ నీడ ఉంది. శ్రీకాకుళంలోని స్టేడియానికి ఆయన పేరు పెట్టుకున్నాం. బళ్ళలో ఆయన వారసుల కుర్చీలు ఏమయ్యాయో తర్వాత చెబుతాను.

1920లో హెచ్.సి. బక్ మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల ప్రారంభించాక, ఆ చదువు చదివినవాళ్ళూ, వాళ్ళ దగ్గర నేర్చుకున్నవాళ్ళూ ఈల మెడలో వేసుకుని జిల్లాలకు వచ్చారు. తెల్ల చొక్కా, తెల్ల లాగు, కాన్వాసు బూట్లు, ఎండకు మాడి రాగిరంగు తేలిన మెడ. తెలుగు మేస్టారి గొంతు నాలుగు గోడల మధ్య మోగేది, లెక్కల మేస్టారి బెత్తం బల్ల మీద మోగేది, డ్రిల్లు మేస్టారి ఈల ఊరంతా మోగేది. పొలంలో కలుపు తీసే ఆడవాళ్ళు ఆ ఈల విని పొద్దు లెక్క కట్టేవాళ్ళు.

శనివారం మధ్యాహ్నం ఆయన ఒక కొబ్బరి తాడు, నాలుగు మేకులు, ఒక డబ్బాడు సున్నం పట్టుకుని నీ మీదకు దిగేవాడు. తాడు బిగించి, మేకు పాతి, మూల చూసి, మళ్ళీ మూల చూసి, వంగి వెనక్కి నడుస్తూ సున్నం రాల్చేవాడు. ఎంత నిదానం! సంక్రాంతి నాడు వాకిట్లో రథం ముగ్గు వేసే ఇల్లాలికి ఎంత శ్రద్ధో అంత శ్రద్ధ. ముందురోజు పేడనీళ్ళు చల్లి చదును చేసిన నేల మీద తెల్లటి గీత మెరుస్తుంటే, అప్పటిదాకా అల్లరి చేసిన పిల్లలు ఆ గీత తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్ళేవాళ్ళు. ఎవరూ చెప్పకుండానే. గీతకు కట్టుబడటమూ, గీత దాటిన క్షణాన చెయ్యెత్తి ఔటని తానే ఒప్పుకోవటమూ అక్కడ నేర్చుకున్నవే.

ఆటలా? చెప్పనివ్వండి, ఈ భాగం నాకు తీపి. చెడుగుడులో కూతకు వెళ్ళే కుర్రాడి గొంతు సాయంత్రపు గాలిలో సన్నటి తీగలా సాగి, ఏడుగురి మధ్యకు వెళ్ళి, పట్టుబడి, మట్టిలో పొర్లి, తెగకుండా గీత దాకా పాకి, చేతి మధ్యవేలి గోరు గీతను ముట్టుకునే దాకా తెగని ఆ కూత! ఒక్క ఊపిరికి అంత దూరం ఉంటుందని మాకు నువ్వే చూపించావు. ఖోఖోలో ఎనిమిది మంది ఒకడు అటూ ఒకడు ఇటూ ముఖాలు పెట్టి గళ్ళలో కూర్చుంటే, తొమ్మిదోవాడు వెన్ను తట్టి 'ఖో' అనగానే నేలలోంచి మొలిచినట్టు లేచే పాదాలు. పసుపుపచ్చ ఉన్ని బంతితో బాల్ బ్యాడ్మింటన్. జట్టుకు ఐదుగురు, అప్పట్లో ఇరవై తొమ్మిది పాయింట్ల గేము. పొద్దు వాలే వేళ ఆ బంతి సూర్యుడి పిల్లలా వల మీదుగా అటూ ఇటూ ఎగిరేది. సముద్రానికి దగ్గర ఊళ్ళలో గాలి ఆ తేలికపాటి బంతిని ఎటు లాగుతుందో చూసి కొట్టడం ఒక విద్య. మా బ్యాక్ ఆటగాళ్ళు గాలిని చదివేవాళ్ళు. ఇక వాలీబాల్. వెదురు గుంజలు, ముడులు పడ్డ వల, సైకిలు పంపుతో గాలి కొట్టి లేసు బిగించిన తోలుబంతి. ఆ లేసు ముడి నుదుటికి తగిలితే మూడు రోజులు మచ్చ. ఆ మచ్చ ఉన్నవాడికి తరగతిలో కొంచెం ఎక్కువ చోటు.

బూట్లు ఎవరికీ లేవు. పల్లేరు ముళ్ళు ఏరుకుంటూ ఆడాం. అంగట్లో కొన్నదేదీ మా ఒంటి మీద లేకపోయినా ఆ గంటసేపు మాకు లోటు తెలియలేదు.

కంచె దగ్గర ఇలాంటి మాటలు ఎన్ని నడిచాయో.

"మేస్టారూ, మా గుంటణ్ణి ఒగ్గీయండి. గొడ్లకి కుడితెట్టాల."

"అరగంట ఉండనీమ్మా. నీ గుంటడు కూతకెల్తే అవతలి జట్టు సగం ఔటు."

"ఔటైతే కూడెడతారేటి మేస్టారూ?"

ఆయన దగ్గర జవాబు ఉండేది కాదు. ఆమె కూడా జవాబు కోసం అడిగేది కాదు. అడిగేసి, కొంగు నడుముకు దోపుకుని, కంచె కర్ర పట్టుకుని, కొడుకు కూతకు వెళ్ళి తిరిగొచ్చే దాకా అక్కడే నిలబడేది. గొడ్లు ఆ పూట కాస్త ఆలస్యంగా కుడితి తాగేవి.

ఏడాదికోసారి గ్రిగ్ పోటీలు వచ్చేవి. మద్రాసు ప్రెసిడెన్సీ దొరల కాలం నాటి పేరు. దొర ఎవరో మాకు తెలియదు, పేరు మాత్రం పండగ పేరు కంటే ముందు నోటికొచ్చేది. చుట్టుపక్కల బళ్ళ జట్లన్నీ ఒక ఊళ్ళో కలిసేవి. ఎడ్లబండి మీదో, పాలవ్యాను వెనకో, మొదటి బస్సు టాపు మీదో ప్రయాణం. అప్పటిదాకా పక్క మండలం ముఖం చూడని పిల్లలు అక్కడ తరగతి గదుల్లో బల్లలు జరిపి, చాపలు పరిచి, పరాయి ఊరి కప్పు కింద నిద్రపోయేవాళ్ళు. సవర పిల్లలు సీతంపేట కొండల మీదనుంచి దిగివచ్చేవాళ్ళు. దూరపు పరుగులో వాళ్ళ వెనక మట్టి చూడటం తప్ప ముఖం చూసే భాగ్యం మైదానపు పిల్లలకు దక్కేది కాదు. ఏ కులం వాడి పక్కన ఏ కులం వాడు చాప పరిచాడో ఆ రాత్రుల్లో ఎవరూ అడగలేదు. పగలు అడిగే ఊళ్ళే అవి. ఆ రాత్రి మాత్రం అడగలేదు. అందుకు నీకు మొక్కాలి.

గెలిస్తే చెక్కకు రేకు తాపిన ఒక షీల్డు. దాన్ని భుజాల మీద పెట్టుకుని బస్టాండు నుంచి బడి దాకా డప్పులతో ఊరేగింపు. తర్వాత అది హెడ్‌మాస్టరు గదిలో అద్దాల బీరువాలోకి చేరేది. ఆ బీరువాలు ఇప్పటికీ ఉన్నాయి. తాళంచెవి ఎక్కడుందో ఎవరికీ తెలియదు. రేకు మీద అక్షరాలను తుప్పు తినేసింది. ఏడాది కనిపిస్తే జట్టు కనిపించదు, జట్టు కనిపిస్తే ఆట కనిపించదు. తాతలై పోయిన మా కెప్టెన్లు ఎప్పుడైనా ఓటు వేయడానికి ఆ బడికి వచ్చి, వేలికి సిరా పూయించుకుని, బీరువా వైపు ఒక చూపు చూసి వెళ్ళిపోతారు.

ఇక ఆడపిల్లలు. ఇక్కడ నా గొంతు మరింత బరువెక్కుతుంది. వాళ్ళకు నీ మీద ఉన్న గడువు చాలా చిన్నది. ఆరో తరగతిలో పాదం పెట్టిన పిల్ల ఎనిమిదో తొమ్మిదో వచ్చేసరికి ఇంట్లో పెద్దవాళ్ళు 'ఇక చాల్లే' అనేవాళ్ళు. ఆ రెండు మూడేళ్ళలో ఆ పాదాలు ఎంత పరుగు తీశాయో! లంగా ఎగదోపి, జడలు రెండూ చుట్టి కట్టుకుని, ఖోఖో స్తంభం చుట్టూ గిర్రున తిరిగి తప్పించుకునే ఆ పిల్లలకు ముందే తెలుసేమో, జీవితంలో ఇంత వెడల్పైన చోటు మళ్ళీ దొరకదని. ఆట మధ్యలో ఇంటికి పిలిపించుకున్న పిల్ల వెళుతూ వెళుతూ వెనక్కి తిరిగి చూసిన చూపును తలుచుకుంటే ఏ షీల్డూ గెలుపనిపించదు.

అయినా ఒక పిల్ల ఆగలేదు. ఆముదాలవలస దగ్గర ఊసవానిపేట. 1975లో పుట్టిన కరణం మల్లీశ్వరి. నీలంశెట్టి అప్పన్న అనే గురువు, ఒక పాక, కొంత ఇనుము, వెన్నుదన్నుగా కన్నతల్లి. ఆ పాకలోంచి లేచిన చేతులు 1994లోనూ 1995లోనూ ప్రపంచ విజేత చేతులయ్యాయి. 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో, వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల విభాగంలో, స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారత మహిళ అయింది. ఆ సాయంత్రం మా జిల్లాలో నీళ్ళబిందె ఎత్తిన ప్రతి ఆడపిల్లా తన మోచేతుల వైపు ఒకసారి చూసుకుని ఉంటుంది. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ అనే పల్లెలోనూ అదే ఇనుము మోగింది. ఆ ఊరి బిడ్డ మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం మెడలో వేసుకుంది. రామ్మూర్తి నాయుడి తర్వాత బలమనే మాటకు మా నేల ఇచ్చిన అర్థం ఈ అమ్మాయిలు. వీళ్ళను చూసి గర్వపడని నాయకుడు లేడు, పూలదండ వేయని చెయ్యి లేదు. వీళ్ళ వెనక రాగల వందల మంది మొదటి అడుగు వేయాల్సిన నేలను మాత్రం ఎవరూ కాపాడలేదు.

ఎలా పోయావు నువ్వు? ఒక్కరోజులో పోలేదు. పడమటి మూల ఒక అదనపు గది వచ్చింది. పిల్లలు పెరిగారు కనుక కావలసిందే అన్నారు, నిజమే. తూర్పున వంటగది వచ్చింది. మధ్యాహ్న భోజనం పిల్లల ఆకలి తీరుస్తుంది, దాన్ని కాదనే నోరు నాకు లేదు. తర్వాత ఒక మండల కార్యాలయం, ఒక నీళ్ళట్యాంకు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ముందువైపు ఒక కోత. వెనక ఎవరిదో పశువుల పాక, తర్వాత దానికి ప్రహరీ, తర్వాత ఆ ప్రహరీకి కాగితం. 2019 నవంబరులో నాడు-నేడు పథకం మొదలై మరుగుదొడ్లు, మంచినీళ్ళు, ఫ్యాన్లు, బల్లలు, గోడలకు రంగులు వచ్చాయి. ఆడపిల్లలకు తలుపున్న మరుగుదొడ్డి దొరకడం ఎంత పెద్ద సంగతో మాకు తెలుసు. రెండో విడతలో మళ్ళీ అదనపు గదులు తలపెట్టారు. ఎక్కడ కట్టాలి? ఖాళీ ఎక్కడుంది? నీ మీదే. ప్రతి మంచి పనికీ నువ్వే స్థలమయ్యావు. నీ మీద కత్తి ఎత్తిన శత్రువు లేడు కనుకనే నీకోసం యుద్ధం చేసేవాడు రాలేదు.

నేల కంటే ముందే కాలం పోయింది. టైంటేబులులో 'ఆటలు' అని రాసిన గడి అలాగే ఉంది. దాంట్లోకి మొదట లెక్కలు వచ్చాయి, తర్వాత ఇంగ్లీషు వచ్చింది, పదో తరగతి పిల్లలకు స్టడీ అవర్లు వచ్చాయి. నూటికి నూరు శాతం ఫలితాలు రావాలంటే సాయంత్రం నాలుగున్నరకు బంతి కనిపించకూడదు.

కాలం కంటే ముందే మనిషి పోయాడు. డ్రిల్లు మేస్టారు రిటైరయిన చాలా బళ్ళలో ఆ కుర్చీ ఖాళీగానే మిగిలింది. 2009 విద్యాహక్కు చట్టం బడికి ఆటస్థలం ఉండాలంది, సంతోషం. అదే చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో పిల్లలు 100కు మించితే వ్యాయామ విద్యకు పార్ట్‌టైం బోధకుడు చాలంది. పార్ట్‌టైం! ఎదిగే ఒళ్ళు పార్ట్‌టైం ఎదుగుతుందా? ఉన్న ఒకరిద్దరు డ్రిల్లు మేస్టార్ల చేతికి ఈల బదులు పెన్ను ఇచ్చారు. హాజరు ఎక్కించడం, కోడిగుడ్లు లెక్కపెట్టడం, మరుగుదొడ్ల ఫొటోలు తీసి యాప్‌లో పంపడం. మూల చూసి, మళ్ళీ మూల చూసి గీత గీసిన చేతుల వంశానికి ఇదా పని!

ఇక ఊళ్ళో కాస్త డబ్బున్నవాళ్ళ పిల్లలు టై కట్టుకుని, పసుపు వ్యానెక్కి, మెట్లెక్కి మూడో అంతస్తు బడికి వెళతారు. వాళ్ళకు నేలే లేదు. వాళ్ళ పరుగు మెట్ల మీద మొదలై మెట్ల మీదే ముగుస్తుంది. వాళ్ళ మీద నాకు కోపం లేదు, జాలి ఉంది. వాళ్ళు కూడా సాయంత్రం పూట నీ దగ్గరకే వచ్చేవాళ్ళు, నువ్వు మిగిలి ఉంటే.

నీ గుణం మాత్రం మారలేదు తల్లీ. ఊరికి ఏ అవసరం వచ్చినా నిన్నే తలుచుకుంటుంది. సర్కస్‌కూ, సభకూ, హెలికాప్టరు దిగడానికీ నువ్వే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫాను. ఆ రాత్రుల్లో జనం తలదాచుకున్నది హైస్కూలు గదుల్లో, తెల్లారి అన్నం కోసం బారులు తీరింది నీ మీద. నీ అంచున నూరేళ్ళు నిలబడ్డ వేపచెట్లు వేళ్ళతో సహా పడిపోతే, వాటిని కోసి తీసుకెళ్ళారు గానీ మళ్ళీ నాటినవాళ్ళు కొద్దిమంది. 2020 వేసవిలో మనుషులు మనుషులకు దూరంగా నిలబడాల్సి వచ్చినప్పుడు, కొన్ని ఊళ్ళ కూరగాయల బజార్లు నీ మీదకే తరలివచ్చాయి. అప్పుడూ సున్నంతో గళ్ళు గీశారు. ఖోఖో గళ్ళ లాంటి గళ్ళే. వాటిలో మాస్కులు కట్టుకుని, సంచీలు పట్టుకుని, 'ఖో' అనే పిలుపు లేకుండా మనుషులు నిలబడ్డారు.

ఇప్పుడు నీ మీద పరుగు వినిపించేది తెల్లవారుజామున ఒక్కటే. నాలుగున్నర, ఐదు. మంచులో నీడల్లా ఇరవై మంది, ముప్పై మంది యువకులు. సైన్యంలోకి, పోలీసు ఉద్యోగంలోకి వెళ్ళాలని 1600 మీటర్ల పరుగు సాధన చేస్తుంటారు. నీ చుట్టుకొలత తగ్గిపోయింది కనుక చుట్లు పెరిగాయి. గది గోడను తప్పించుకుని, వంటగది పొగగొట్టాన్ని తప్పించుకుని, కట్టెల మోపును దాటుకుని తిరుగుతారు. ఒకడు సెల్‌ఫోను వెలుగులో క్షణాలు లెక్కపెడతాడు. వాళ్ళకు నేర్పేవాళ్ళు ఎవరూ లేరు, నిరుడు ఎంపికైన అన్న ఒకడు సెలవుల్లో వచ్చి చెప్పిందే పాఠం. 2022లో అగ్నిపథ్ పథకం వచ్చాక సైన్యంలో కొలువు నాలుగేళ్ళేనని తెలిసినా పరుగు ఆపలేదు. ఆ కుర్రాళ్ళను చూస్తే గుండె నిండుతుంది, వెంటనే కోసుకుపోతుంది. ఎందుకంటే వాళ్ళ ఒంటిని నువ్వు మళ్ళీ పనే అడుగుతున్నావు. అడిగించారు నీ చేత. ఎవరి కోసమని చెప్పకుండా 'పరుగెత్తు' అన్న నువ్వే, ఇవాళ ఉద్యోగం కోసం పరుగెత్తమంటున్నావు. పొద్దెక్కేసరికి వాళ్ళు కూలికి వెళ్ళిపోతారు. ఎంపిక కానివాళ్ళు హైదరాబాదుకో చెన్నైకో రైలెక్కుతారు, మత్స్యకారుల బిడ్డలు గుజరాత్ వేరావల్ పడవల మీదకు వెళ్ళిపోతారు. మళ్ళీ భుజం మోతదైపోతుంది.

ఏడుపుకు కూడా ఒక ధర్మం ఉంది మా వైపు. శోకం పెట్టే ఆడవాళ్ళు పోయినవాళ్ళ గుణాలన్నీ వల్లించాక, చావడిలో కూర్చున్న పెద్దల వైపు తిరిగి ఉన్నవాళ్ళ సంగతి అడుగుతారు: పిల్లల్ని ఎవరు చూస్తారు, గొడ్లను ఎవరు విప్పుతారు, పొలం ఎవరు దున్నుతారు. నేనూ అడుగుతున్నాను. అయ్యా, పరిషత్తు పెద్దలారా, ఇంజనీరు బాబులారా, బడి కమిటీలో సంతకాలు పెట్టే అమ్మలారా, అయ్యలారా! ఇంకో గది కట్టాల్సి వస్తే పాత గది మీద మేడగా కట్టండి, కోర్టు మీద కట్టకండి. ప్రహరీ వెనక పోయిన సెంట్లు కొలిపించండి. దాతలు రాసిచ్చిన దస్తావేజులు ఎక్కడో ఒక రిజిస్ట్రారు కచేరీలో ఉన్నాయి, తీయించండి. పడిపోయిన వేపచెట్ల గుంతల్లో మొక్కలు పెట్టండి. సాయంత్రం నాలుగున్నర నుంచి ఐదున్నర దాకా గేటుకు తాళం వేయకండి. అద్దాల బీరువా తాళం పగలగొట్టి ఆ షీల్డులు తుడిపించండి, అక్షరాలు ఇంకా చదవగలిగినవాళ్ళు బతికుండగానే. ఆడపిల్లల జట్టుకు ఒక బంతి విడిగా కొనివ్వండి, మగపిల్లలు ఆడి వదిలేసే దాకా వాళ్ళు ఎదురుచూడకుండా. అన్నిటికంటే ముందు ఆ ఖాళీ కుర్చీలోకి ఒక మనిషిని పంపండి. ఈల ఊదగలిగినవాళ్ళు, వంగి వెనక్కి నడుస్తూ గీత గీయగలిగినవాళ్ళు, కంచె దగ్గర నిలబడ్డ తల్లిని 'అరగంట ఉండనీమ్మా' అని అడగగలిగినవాళ్ళు ఎవరైనా సరే, పూర్తి జీతానికి, పూర్తి రోజుకు పంపండి. జూన్‌లో బడి తెరిచేలోగా పంపండి.